పసుపు తుడిస్తే

రంగు తెలియడం లేదు. ఇందాకటి నుంచి అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాను, నా ఊపిరికే అద్దం మసకబారుతోంది, దుపట్టా కొసతో తుడుస్తున్నాను, మళ్లీ చూస్తున్నాను, అయినా తెలియడం లేదు. ఆ నీలి లైటు కింద లోపలున్న పిల్లలందరిదీ ఒకటే రంగు. మా చెల్లెలు రిజ్వానా కొడుకును, పుట్టి వారం కూడా కాని వాణ్ణి, ఇంకా పేరైనా పెట్టని వాణ్ణి, కళ్లకు గంతలు కట్టి, నడుముకు ఇంత గుడ్డ చుట్టి బోర్లా పడుకోబెట్టారు. వాడి వీపు నీలం, అరికాళ్లు నీలం, పక్కన పడుకున్న గిద్దలూరు వాళ్ల ఆడపిల్ల నీలం, వాళ్ల మధ్య తిరుగుతున్న సిస్టరమ్మ తెల్ల కోటు కూడా నీలమే. పసిబిడ్డల ఒంటి రంగు కలిపి బతికే మనిషిని నేను. బొమ్మలకే కావచ్చు, కానీ నా బొమ్మను ఒళ్లో పెడితే ముసలమ్మలు కూడా ఉలిక్కిపడి తల కింద చెయ్యి పెడతారు. అట్లాంటి ఇర్ఫానా ఈ పూట సొంత చెల్లెలి కొడుకు ఏ రంగులో ఉన్నాడో చెప్పలేక గాజు పలక ముందు నిలబడి ఉంది. చెప్పాల్సింది రక్తమేనట. ఇప్పుడే మడమలో సూది గుచ్చి తీసుకుపోయారు, గంటలో రిపోర్టు వస్తుందన్నారు. కామెర్లు దిగితే ఇక్కడే మార్కాపురంలోనే ఇంకో రోజు లైటు కింద ఉంచుతారు. దిగకపోతే ఒంగోలు తీసుకుపోయి ఒంట్లో రక్తమంతా మార్చాలి. ఆలస్యమైతే మెదడుకు ఎక్కుతుందమ్మా, చెవులు పోవచ్చు, అని డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ఆ మాట మా అమ్మకు చెప్పలేదు. రిజ్వానాకు అసలే చెప్పలేదు. రిజ్వానా మొగుడు ఖాలిద్‌కు చెప్పాను, అప్పటి నుంచి అతను గేటు దగ్గర అంబులెన్సును పట్టుకుని నిలబడ్డాడు, చెయ్యి వదిలితే అది వెళ్లిపోతుందేమో అన్నట్టు.

బల్ల మీద మా అమ్మ కమ్రున్నీసా తస్బీ తిప్పుతూ కూర్చుంది. పూసలు కదులుతున్నాయి, పెదవులు కదులుతున్నాయి, వేళ్లు మాత్రం బురఖా చేతిలోపల దాచుకుంది. ఎందుకు దాచుకుందో నాకు తెలుసు. గోళ్లకు ఇంకా పసుపు ఉంది. నిన్నటి నుంచి సబ్బు పెట్టి కడుగుతూనే ఉంది, పసుపు అంత తొందరగా పోతుందా. అమ్మ పక్కన రోజీ, తర్లుపాడు రోడ్డులో ఉండే ఆశా వర్కరు, తన చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఫోనులో ఎవరికో వ్యాక్సిన్ తారీఖు చెబుతోంది. ఈమె ఇక్కడ ఉండాల్సిన పని లేదు. నిన్ననే ఆమె పని అయిపోయింది. అయినా పొద్దున వచ్చింది, మధ్యాహ్నం ఇంటికి పోయి పిల్లలకు అన్నం పెట్టి మళ్లీ వచ్చింది. మా అమ్మ నిన్న ఆమెను అన్న మాటలకు ఇంకొకతె అయితే మా సందు మొహం చూడదు. నేనూ అద్దం వదిలి వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నాను.

నిన్న పొద్దున బాలింతను చూసిపోదామని వచ్చింది రోజీ. అప్పుడే అమ్మ బిడ్డకు నూనె పట్టించి, శనగపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, తెల్ల గుడ్డలో చుట్టి మంచం మీద పెట్టింది. గదిలో కిటికీ మూసి ఉంది, బాలింతకు గాలి తగలకూడదని. రోజీ వంగి చూసింది, మళ్లీ చూసింది. "ముందు ఆ పసుపు తుడవండి అమ్మా, నాకు బిడ్డ కనపడాల" అంది. ఇంత మాట. అమ్మకు ఎక్కడో కాలింది. తుడవడమేంది, ఇప్పుడే కదా స్నానం చేయించినాను అంది. రోజీ తన సంచిలోంచి మెత్తటి గుడ్డ తీసి నీళ్లలో ముంచి పిండి, వాడి నుదురు, ముక్కు, ఛాతీ తుడిచింది. గుడ్డకు పసుపు అంటింది. ఇంకో కొసతో మళ్లీ తుడిచింది. గుడ్డకు ఈసారి ఏమీ అంటలేదు, కానీ బిడ్డ ఇంకా పసుప్పచ్చగానే ఉన్నాడు. వాణ్ణి ఎత్తుకుని గడప దగ్గరికి, ఎండలోకి పోయి, బొటనవేలితో ఛాతీ మీద నొక్కి వదిలింది. తర్వాత కడుపు మీద. తర్వాత మోకాలి కింద. తర్వాత అరికాలు తిప్పి చూసింది. "పచ్చ కాళ్ల దాకా దిగిందక్కా" అని నాతో అంది, అమ్మతో కాదు. అమ్మ లేచి నిలబడి, "బంగారం లాంటి బిడ్డకు రోగమంటావా? నీ నోట్లో మన్ను పొయ్య! దిష్టి పెట్టడానికి వచ్చినావా?" అని వీధి వీధంతా వినేలా అరిచింది. రోజీ గడప మీద కూర్చుంది. "తిట్టుకో అమ్మా, ఎంతసేపైనా తిట్టుకో, ఆటో వచ్చిందాక నేను ఈణ్నే కూసుంటా" అంది.

బంగారం. ఆ మాట అమ్మది ఒక్కతెదే కాదు, మా అందరిదీ. వాడు పుట్టిన రోజు ఎర్రగా ముడతలు పడి, కోపంగా, అందరు పిల్లల్లాగే ఉన్నాడు. రెండో రోజుకు రంగు తేలింది, మా రంగే, మా ఖాలిద్ రంగే, చామనచాయకు కాస్త అటువైపు. అమ్మ శనగపిండి డబ్బా తీసింది. ఆ తర్వాత ఒక పొద్దున చూస్తే వాడు మెరుస్తున్నాడు. పసిమి ఛాయ, బుగ్గలు పచ్చగా, నుదురు పచ్చగా, మామిడిపండు మొదటి పక్వానికి వచ్చినప్పుడు ఉండే రంగు. అమ్మ ఆనందం చూడాలి. నా చేతి నలుగుకు నిగ్గు తేలినాడు అని ఎదురింటి రామతులసమ్మ అత్తను పిలిచి చూపించింది, ఆమె కిరాణా కొట్టు వదిలి వచ్చి, మెటికలు విరిచి, "మీ ఇంట్లో ఇంత ఛాయ ఎవురికీ లేదు కదమ్మా" అని, తిట్టిందో పొగిడిందో తెలియకుండా పోయింది. పైగా వాడు ఏడవడం లేదు. పాలు పెడితే రెండు గుక్కలు తాగి నిద్రపోతాడు, లేపితే లేవడు, ఎంత మంచి బిడ్డ, తల్లిని పీక్కుతినడు. బొమ్మలా ఉన్నాడు అన్నారు అందరూ. ఆపా, నువ్వు చేసిన బొమ్మే నాకు పుట్టినట్టుంది, అని రిజ్వానా నవ్వింది. నేను కూడా నవ్వాను. బొమ్మలా ఉన్నాడట! బతికిన బిడ్డ బొమ్మలా ఎందుకుంటాడు, నా మొహం.

రంగు పిచ్చి మా ఇంటికి కొత్త కాదులే. నా కూతురు అఫ్రోజ్ పుట్టినప్పుడు అమ్మ శనగపిండి, పాలమీగడ, బాదం గంధం అన్నీ రుద్దింది, అది రుద్దిన కొద్దీ నల్లగా నిగనిగలాడింది. కాకి పిల్ల కాకికి ముద్దు అని నేను ఊరుకున్నాను. ఇప్పుడు దర్శిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, పొద్దుటి నుంచి మెసేజి మీద మెసేజి, తమ్ముడు ఎట్లున్నాడు, తమ్ముడు ఎట్లున్నాడు. ఏమని రాయను. నీలంగా ఉన్నాడు అని రాశాను. అది ఏడుపు బొమ్మ పంపింది.

అసలు నేను ఈ బొమ్మల పనిలోకి దిగిందే మా నాయన వల్ల. ముస్తాక్ అహ్మద్ స్టూడియో అంటే బస్టాండు దగ్గర పాతవాళ్లకు ఇప్పటికీ గుర్తే. నలుపు తెలుపు ఫోటోల మీద రంగులు వేసేవాడు. పలకల ఫ్యాక్టరీ నుంచి విరిగిన పలక ముక్క తెచ్చుకుని దాని మీద రంగులు కలిపేవాడు. నల్లరాయి మీద కలిపితే రంగు అబద్ధం చెప్పదమ్మా, తెల్ల ప్లేటు మీద అన్ని రంగులూ అందంగానే ఉంటాయి, అనేవాడు. సంబంధాల ఫోటోలకు పెళ్లికూతుళ్లను తెల్లగా చెయ్యమని అడిగేవాళ్లు, చేసేవాడు, చేసిన ప్రతిసారీ ఇంటికి వచ్చి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ పలక ముక్క ఇప్పుడు నా దగ్గర ఉంది. ఒక మూల చెక్కుకుపోయింది. బొమ్మలు మొదలుపెట్టిన కొత్తలో వీడియోల్లో దొరసానులు చెప్పినట్టే గులాబీ రంగు పొర మీద పొర వేశాను, రంగు పట్టడానికి ఓవెన్లో పెట్టాను, తీశాను, చూస్తే మండుటెండలో శ్రీశైలం మెట్లెక్కి దోర్నాల హోటల్లో సోడా తాగుతున్న ఫారిన్ వాళ్లలా ఉన్నారు నా పిల్లలు. సరే మన రంగు వేద్దామని గులాబీ మీద గోధుమరంగు పూశాను. బురదలో పడి లేచినట్టు ఉన్నారు. ఎన్ని బొమ్మలు పాడు చేశానో. చివరికి నాయన మాట గుర్తుకొచ్చింది, మనిషి రంగు పైన పూసింది కాదే, కింది నుంచి వచ్చేది, అని. అప్పుడు మొదలుపెట్టాను కింది నుంచి. ముందు కణతల దగ్గర, ముక్కు పక్కన, పలచగా నీలం, నరాలకు. దాని మీద చించిన స్పాంజితో అద్ది అద్ది ఎరుపు, చలికి పిల్లల తొడల మీద వచ్చే మచ్చలు. కాల్చాలి, ఆరాలి. దాని మీద పసుపు, ఉందా లేదా అన్నంత. కాల్చాలి. ఆ తర్వాత గోధుమరంగు, నీళ్లలాంటిది, ఎన్నో పొరలు. ప్రతి పొరా కింది పొరను కనపడనివ్వాలి. ఒక్క పొర తొందరపడినా బిడ్డ చచ్చిపోతుంది. అంటే బొమ్మ. అస్తగ్ఫిరుల్లా, ఏం మాటలు మాట్లాడుతున్నానే నేను, ఇక్కడ కూర్చుని.

తలుపు తెరుచుకుంది. మేం ముగ్గురం ఒకేసారి లేచాం. సిస్టరమ్మ గిద్దలూరు వాళ్లను పిలిచింది, డైపర్లు తెమ్మంది, తలుపు మూసింది. మేం ముగ్గురం ఒకేసారి కూర్చున్నాం. అమ్మ తస్బీ ఎక్కడ ఆపిందో మర్చిపోయి మొదటి నుంచి మొదలుపెట్టింది.

రోజీని నేను మొదట చూసింది పోలియో చుక్కల ఆదివారం. పిల్లల చర్మం దగ్గర నుంచి చూడాలి నాకు, చూస్తే తల్లులు బిడ్డను కొంగు కింద దాచేస్తారు, ఎవరీమె కళ్లార్పకుండా చూస్తోంది అని. ఆ రోజు రోజీ బల్ల వేసుకుని చుక్కలు వేస్తోంది. నా పని ఇదమ్మా అని బొమ్మ ఫోటో చూపించాను. ఆమె పగలబడి నవ్వి, "రా అక్కా, నా పక్కన కూసో, చిటికెన వేలికి సిరా పెడతా ఉండు, ఎంతసేపైనా చూడు" అని కుర్చీ లాగింది. ఆ రోజు నేను చూసిన పిల్లలు! బొగ్గు లాంటి నలుపులో ఊదా, చింతగింజ రంగు, బెల్లం రంగు, పాలు కలిపిన టీ రంగు. మెడ మడతలు ఎప్పుడూ ఒంటికన్నా నల్లగా ఉంటాయని, వేలి కణుపులు కూడా అంతేనని, ఎంత నల్ల బిడ్డకైనా అరచేతులు గులాబీయేనని, పెదవి అంచుకు ఒక సన్నటి ముదురు గీత ఉంటుందని, నడుము కింద మన పిల్లలకు పుట్టుకతో నీలి మచ్చ ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. ఆ నీలి మచ్చ వేసి పంపితే బెంగళూరు ఆమె ఒకతె, దెబ్బ తగిలిన బొమ్మ పంపారు అని కోప్పడింది. పసిబిడ్డ నడుము ఎప్పుడైనా తిప్పి చూశావా తల్లీ అని రాయబోయి, కస్టమరు కదా అని నవ్వు ముఖం పెట్టి ఊరుకున్నాను. ఒక్కొక్క బిడ్డకు సిరా పెట్టేటప్పుడు నాకు నేనే థూ థూ అనుకున్నాను, నా కంటి దిష్టే తగలకూడదని. వాళ్లెవరికీ తెలియదు, నా ఇంట్లో పొయ్యి వెలిగింది వాళ్ల మెడ మడతల వల్లేనని. ఎక్కడున్నారో ఏం చదువుతున్నారో, చల్లగా ఉండాలి.

అట్లాగే బ్రహ్మానందం మామ. మెయిన్ బజారులో పిల్లల బట్టల దుకాణం. గౌన్లు తొడిగి కొట్టు ముందు అద్దాల అరల్లో పెట్టడానికి బొమ్మలు కావాలన్నాడు, తెల్లవి. తెల్ల బొమ్మకైతేనే గౌను అమ్ముడుపోతదమ్మా, మాది వ్యాపారం, ధర్మసత్రం కాదు, అన్నాడు. సరే మామా అని తెల్లవి చేసి, వాటితో పాటు అడగని ఒక నల్ల బొమ్మను కూడా తీసుకుపోయి, ఊరికే ఉంచు, వద్దంటే తీసుకుపోతా అని ఎర్ర గౌను తొడిగి కూర్చోబెట్టి వచ్చాను. పండగ ముందు ఫోను చేశాడు. "ఇర్ఫానమ్మా, ఆ నల్ల పిల్ల ఎర్ర గౌన్లన్నీ అమ్మేసింది. మన బిడ్డకు ఈ రంగు నప్పుతదని ఇప్పుడు తెలిసింది అంటున్నారు. ఇంకో రెండు చెయ్యి" అన్నాడు. నేను గెలిచానని కాదు. ఆయన ఒప్పుకోవాల్సిన పని లేదు, అమ్ముకుని గమ్మున ఉండొచ్చు. ఫోను చేసి చెప్పాడు చూడు, దానికి ఆయనంటే నాకు ఇష్టం.

పసుపు. మళ్లీ అక్కడికే వస్తోంది మనసు, పంటి కింద రాయి దగ్గరికి నాలుక పోయినట్టు. పసుపు పొర సంగతి నాకు తెలియకనా. ఉప్పు లాంటిది అది, లేకపోతే చప్పన, ఎక్కువైతే నోట పెట్టలేం. ఎక్కువైన బొమ్మను చూస్తే ఎవరికైనా ఏదో బాగలేదు అనిపిస్తుంది, ఏంటో చెప్పలేరు. నేను చెప్పగలను, వెంటనే దూదితో తుడిచేస్తాను. మరి మొన్న సాయంత్రం ఏం చేశాను? పలక ముక్క, రంగులు తీసుకుని రిజ్వానా మంచం పక్కన కూర్చున్నాను, ఈ ఛాయ మళ్లీ దొరకదు, కలిపి పెట్టుకుందాం, వీడి పోలికతో ఒక బొమ్మ చేసి వీడి పుట్టినరోజుకు ఇద్దాం అని. కలిపాను. సరిపోలేదు. పసుపు వేశాను. సరిపోలేదు. ఇంకాస్త వేశాను. నల్ల పలక మీద ఆ రంగు నిలబడి నా వైపు చూసింది, ఇది బిడ్డ రంగు కాదే ఇర్ఫానా అని. చెయ్యికి తెలిసింది, కంటికి తెలిసింది, నాకు తెలియలేదు. మాషా అల్లా, ఎంత ఛాయ, అన్నాను పైకి. అమ్మ మురిసిపోయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు, అది చెట్టు తప్పు కాదు, పెరట్లో ఉన్నవాళ్ల తప్పు. బొమ్మనైతే అనుమానంతో చూస్తాను, ఎక్కడ తప్పుందా అని. వాణ్ణి అట్లా ఎందుకు చూస్తాను, ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటాను గానీ. ప్రేమగా చూసిన ఇంట్లో వాళ్లందరికీ బంగారం కనపడింది. పనిగా చూసిన రోజీకి బిడ్డ కనపడ్డాడు. ప్రేమకు ఏమీ విలువ లేదని కాదు నేననేది. కానీ యా అల్లా, ప్రతి ఇంటికీ పరాయి మనిషి ఒకతె గుడ్డ తడుపుకుని రావాలి.

ఇందాక లోపలికి పోయి రిజ్వానాను చూసి వచ్చాను. ముందు రెండు కాన్పులు కడుపులోనే పోయి, ఇన్నాళ్లకు చేతికి వచ్చిన బిడ్డ. పాలు గడ్డకట్టి ఛాతీ రాయిలా ఉంది, పిండి గిన్నెలో పట్టి సిస్టరమ్మకు పంపుతోంది. నన్ను చూడగానే, "ఆపా, రంగు ఎట్లుంది? నువ్వు చెప్పు. వాళ్లు చెప్పేది నాకు అర్థం కాదు, నీకైతే రంగు తెలుస్తది" అంది. నా జీవితంలో ఎవరూ నన్ను ఇంత నమ్మి ఏమీ అడగలేదు. లైటు కింద తెలియదే రిజ్జూ, నిజంగా తెలియదు, అన్నాను. అబద్ధం చెప్పినా బాగుండేదేమో. అది గోడ వైపు తిరిగింది. దాని వీపు నిమిరాను కాసేపు. దానికి మాత్రం తెలియదా, రాత్రంతా నిద్రలేకుండా వాడు ఎప్పుడు ఏడుస్తాడా అని ఎదురుచూసింది. మొన్నటిదాకా ఏడవని బిడ్డ వరం. ఇప్పుడు ఏడిస్తే చాలు.

బయటికి వచ్చి రోజీ పక్కన కూర్చున్నాను. ఆమె ఫోను కట్టేసి, "టీ తెచ్చేదా అక్కా?" అంది. వద్దన్నాను. నిన్న ఆమె గడప మీద కూర్చుని ఉండకపోతే? అమ్మ తిట్లకు లేచి పోయి ఉంటే? ఏ ఆడమనిషైనా పోతుంది, ఆమెకు మాత్రం మానం లేదా. ఆ గడప మీద కూర్చుని ఆమె చేసిన పనల్లా బిడ్డ ఛాతీకి ఎండ తగలకుండా తన కొంగు అడ్డం పెట్టుకుని, వాడి అరికాలు గిల్లుతూ, "లెయ్ నాయన, లెయ్, కళ్లు తెరువు" అనడమే. అమ్మ నోరు అలిసిపోయింది. ఖాలిద్ ఆటో తెచ్చాడు. ఆటోలో ఎవరి ఒళ్లో బిడ్డ ఉన్నాడు? రోజీ ఒళ్లో. ఇదంతా నేను ఆమెకు ఎట్లా చెప్పను, చెప్తే ఏం లేదులే అక్కా, మా డ్యూటీ కదా అంటుంది, ఆ మాటతో నా నోరు మూతపడిపోతుంది. అందుకని ఆమె కుడిచెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ బొటనవేలు కళ్లకు అద్దుకున్నాను. సున్నం, సిరా, ఏవో మందుల వాసన. ఆమె కంగారుపడి చెయ్యి లాక్కుంది. "ఏందక్కా ఇది, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు!" అమ్మ చూసింది. తస్బీ ఆపింది. బురఖా చేతిలోంచి తన పసుపు వేళ్లు బయటికి తీసి రోజీ మోకాలి మీద పెట్టింది, మళ్లీ తీయలేదు. రోజీ వాటి మీద తన చెయ్యి వేసింది.

తలుపు తెరుచుకుంది. "రిజ్వానా మనుషులు ఎవరు?" అని సిస్టరమ్మ. లేచి ఆమె దగ్గరికి పోయాను. ఆమె చేతిలో కాగితం ఉంది, ఆమె మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు, వీళ్లకు మొహం ఇట్లా పెట్టుకోవడం ఎవరు నేర్పిస్తారు. "దిగింది" అంది. ఏం దిగింది అని అడిగాను, పిచ్చిదానిలా. "కామెర్ల లెక్కమ్మా. బాగా దిగింది. ఒంగోలు పోయే పని లేదు. ఇంకో రోజు లైటు పెడతాం. ఇప్పుడు తల్లి పాలకు కాసేపు బయటికి ఇస్తాను" అని లోపలికి పోయి, చుట్టిన గుడ్డతో సహా వాణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కళ్ల గంతలు తీసేసి ఉన్నాయి. కట్టిన చోట నుదుటి మీద రెండు గీతలు. నేను వాణ్ణి తీసుకుని వరండా చివర కిటికీ దగ్గరికి పోయాను, నా కాళ్లు వాటంతటవే పోయాయి, పలక మీద కలిపిన ఏ రంగునైనా కిటికీ దగ్గరికి తీసుకుపోయే కాళ్లు అవి. సాయంత్రపు ఎండ నేరుగా మొహం మీద పడేసరికి వాడు ముక్కు చిట్లించాడు, నోరు తెరిచాడు, కాసేపు చప్పుడు లేదు, ఆ తర్వాత పెట్టాడు కేక. అమ్మో! ఇంత ఒంట్లో ఎక్కడ దాచుకున్నాడో. ఏడ్చేకొద్దీ మొహం ఎర్రబారింది, ఎరుపు మీద ఊదా వచ్చింది, ముక్కు చుట్టూ తెల్లబడింది, ఊపిరి పీల్చుకునేసరికి అన్నీ వెనక్కి పోయి మామూలు గోధుమరంగు వచ్చింది, మళ్లీ కేక, మళ్లీ ఎరుపు. ఒక్క రంగు నిలబడితే కదా చూడ్డానికి. ఎన్ని పొరలు వేసి ఎన్నిసార్లు కాల్చినా నా బొమ్మల్లో ఒక్కటీ ఇట్లా చెయ్యలేదు. వాడి ఛాతీ మీద బొటనవేలితో నొక్కి వదిలాను. వేలి కింద పసుపు లేశమంతే ఉంది, పోబోతూ. మిగతాదంతా ఖాలిద్ రంగు, మా నాయన రంగు, మా అఫ్రోజ్ రంగు.

అమ్మ నా భుజం పక్కకు నెట్టి వాడి మొహంలో మొహం పెట్టి చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "నల్లగున్నాడే" అంది, నమ్మలేనట్టు. "రోజమ్మా, ఇట్ల రా, చూడు, నల్లగున్నాడు!" వరండాలో వాళ్లంతా తిరిగి చూశారు. అమ్మకు ఎవరితోనూ పని లేదు. కిటికీ ఊచలు పట్టుకుని కిందికి, గేటు వైపు, వీధిలో గేదెను అదిలించే గొంతుతో అరిచింది. "ఖాలిద్! ఓ ఖాలిద్! ఆ బండిని పొమ్మను! బిడ్డ నల్లగయినాడు! అల్లా దయ, నల్లగయినాడు!" అంబులెన్స్ డ్రైవరు తల పైకెత్తి, అర్థం కాక, ఖాలిద్ వైపు చూశాడు. ఖాలిద్‌కు అర్థమయింది. అతను బండి మీది నుంచి చెయ్యి తీసి, అక్కడే గేటు పక్కన నేల మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.